పాలకు తోడు, గ్రాఫీన్‌కు ఆక్సిజన్

గత నెల ఒక పాఠకుడికి జవాబిస్తూ, "పెన్సిలు గీతలో ఉండే కర్బనపు పొరనే రసాయనాలతో మార్చి, వెలుగునిచ్చే పలకల్లో వాడి చూస్తున్నారు" అని ఒక్క వాక్యం రాసి ముందుకు పోయాను. పెన్సిలులో ఉండేది గ్రాఫైట్, అందులో ఒక్క పరమాణువు మందాన ఉండే ఒంటి పొర పేరు గ్రాఫీన్. ఆ పలకల పేరు ఓఎల్ఈడీ. ఆ వాక్యాన్ని పట్టుకుని చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది సందేహంతో రాశారు, ఒకాయన మాత్రం కోపంతో రాశారు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో తొమ్మిదేళ్లు నేను చేసిన పని ఇదే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇవ్వమని సంపాదకులను అడిగాను. ఇన్వర్టరు బ్యాటరీ గురించి, వంటసోడా గురించి రాసినవారు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నేను సెల్‌ఫోన్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. మడతపెట్టే ఫోన్ల తెర విరగకపోవడానికి గ్రాఫీనే కారణమని ఒక వీడియోలో చెప్పారు. వచ్చినవాళ్లందరూ అదే అడుగుతున్నారు. నిజమేనా? — ఒక పాఠకుడు, నరసరావుపేట

కాదండీ, ధైర్యంగా చెప్పండి. ఆ ఫోన్లలో తెరను గాజు మీద కాకుండా పాలిఇమైడ్ అనే పలచని ప్లాస్టిక్ మీద కడతారు, అందుకే వంగుతుంది. కొన్ని ఫోన్ల ప్రకటనల్లో గ్రాఫీన్ పేరు మీరు చూసే ఉంటారు. అక్కడ దాని పని లోపలి వేడిని లాగి పరచడం. తెర వెలుగుతో దానికి ఏ సంబంధమూ లేదు.

తెర లోపల జరిగేది ఇంకో కథ. ఆ తెరను వెలిగించే ఓఎల్ఈడీ అంటే పలచని సేంద్రియ పొరలు, అంటే కర్బన సమ్మేళనాల పొరలు, వాటికి ఇటూ అటూ కరెంటు అందించే రెండు ఎలక్ట్రోడ్లు. ఒక వైపు నుంచి ఎలక్ట్రాన్లు వస్తాయి. రెండో వైపు నుంచి వచ్చేవాటిని రంధ్రాలంటాం. సినిమా హాల్లో ఒక వరుసలో చివరి సీటు ఖాళీగా ఉంటే, ఒక్కొక్కరే పక్కకు జరుగుతున్నకొద్దీ ఆ ఖాళీ ఎదురు దిక్కున నడిచినట్టు కనిపిస్తుంది. రంధ్రం అంటే ఆ ఖాళీ సీటు. మధ్య పొరలో ఎలక్ట్రానూ రంధ్రమూ కలిసినచోట వెలుగు పుడుతుంది. ఈ పొరలన్నీ కలిపితే సుమారు 100 నానోమీటర్లు, తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యో వంతు. పది వోల్టుల లోపే ఇలా వెలిగే పలకను 1987లో అమెరికాలోని ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చేసి చూపించారు. పెళ్లి ఫొటోలకు ఫిల్ము రీళ్లు అమ్మిన కొడాకే అది.

వెలుగు పుట్టడం ఒక ఎత్తు, బయటికి రావడం మరొక ఎత్తు. రెండు ఎలక్ట్రోడ్లలో ఒకటైనా కరెంటును పోనివ్వాలి, వెలుగునూ పోనివ్వాలి. లోహాలు మొదటిది చేస్తాయి, గాజు రెండోది చేస్తుంది. రెండూ చేసేది ఇండియం టిన్ ఆక్సైడ్. దాన్ని మా భాషలో ఐటీఓ అంటాం. ఇండియం లోహానికి తనకంటూ గనులు లేవు, జింకును శుద్ధి చేసేటప్పుడు కొసరుగా వస్తుంది. పేరు చూసి మన దేశంలో దొరుకుతుందని మురిసిపోకండి. వర్ణపటంలో నీలిమందు రంగు గీత కనిపించిందని 1863లో జర్మనీలో ఆ పేరు పెట్టారు. నీలిమందుకు ఐరోపావారు పెట్టిన పేరు మాత్రం మన దేశం పేరునుంచే వచ్చింది. ఐటీఓ గాజులాగే పెళుసు, వంచితే పగుళ్లు పడుతుంది. దాని స్థానంలోకి రావాలని చూస్తున్నవాటిలో గ్రాఫీన్ ఒకటి. చూస్తున్నది అంతే, ఇంకా వచ్చి కూర్చోలేదు.

ప్రశ్న: గ్రాఫీన్ గొప్పదనమంతా దాని విద్యుద్వాహకతలోనే ఉంది. దాన్ని ఆక్సీకరిస్తే ఆ గుణమే పోతుందని మీకు తెలియదా? చెడగొట్టిన వస్తువును పొగడడం ఏ శాస్త్రం? ముప్పై రెండేళ్లు భౌతికశాస్త్రం బోధించిన నాకు ఇది మింగుడు పడడం లేదు. — విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

మాస్టారూ, మీ కోపం నాకు నచ్చింది. ప్రయోగశాలలో చేరిన మొదటి సంవత్సరం నేనూ ఇదే మాట మా పెద్దాయనతో అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. పొద్దున తన డబ్బాలో తెచ్చుకున్న పెరుగు చూపించి, "ఇది చెడిన పాలా, బాగుపడిన పాలా?" అన్నారు.

మీ మాటలో మొదటి సగం నూటికి నూరుపాళ్లు నిజం. 2004లో మాంచెస్టర్‌లో ఆండ్రీ గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలోవ్ సెల్లోటేపుతో గ్రాఫైట్ పొరలను ఒలిచి ఒంటి పొరను పట్టుకున్నారు. 2010లో వారికి నోబెల్ వచ్చింది. ఒంటి పొర తన మీద పడిన వెలుగులో 2.3 శాతమే మింగుతుందని 2008లో లెక్క తేల్చిన పత్రంలో మొదటి పేరు కేరళకు చెందిన రాహుల్ నాయర్‌ది. కరెంటు పోనిస్తుంది, వెలుగును ఆపదు, వంచితే విరగదు. ఇంత మంచి పిల్లకు సంబంధం ఇట్టే కుదరాలి కదా. కుదరలేదు. రెండు చోట్ల పేచీ వచ్చింది.

మొదటిది, ఆ పిల్ల ఎవరితోనూ కలవదు. స్వచ్ఛమైన గ్రాఫీన్ రేకులను నీళ్లలో వేస్తే ఒకదాన్నొకటి అంటుకుని అడుగున ముద్దగా కూర్చుంటాయి. కలవనిదాన్ని సిరాలా పూయలేం.

రెండోది మెట్ల పేచీ. పదార్థం నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన శక్తిని పని ప్రమేయం అంటామని మీరు ఎన్ని బ్యాచ్‌లకు చెప్పారో. గ్రాఫీన్‌కు అది 4.4 నుంచి 4.5 ఎలక్ట్రాన్ వోల్టులు. రంధ్రాలను మోయడానికి చాలా ప్రయోగశాలలు వాడే ఎన్‌పీబీ అనే పదార్థంలో రంధ్రం నిలిచే మట్టం 5.4 దగ్గర ఉంటుంది. అంటే తేడా దాదాపు ఒక ఎలక్ట్రాన్ వోల్టు. ఎండాకాలం గోదావరిలో నీరు తగ్గినప్పుడు రేవు చివరి మెట్టుకూ నీటికీ నిలువెత్తు తేడా వస్తుంది. కుర్రవాళ్లు దూకుతారు, మిగిలినవాళ్లు చెంబు పట్టుకుని గట్టు మీదే ఉండిపోతారు. ఇక్కడా అంతే, కొన్ని రంధ్రాలే దూకగలవు. మిగిలినవాటిని తోయడానికి వోల్టేజి పెంచాలి. పెంచితే పలక వేడెక్కుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. మధ్యలో ఒక మెట్టు కట్టడమే దారి.

ఆ మెట్టును ఆక్సిజన్‌తో కట్టవచ్చు. గ్రాఫైట్‌ను గట్టిగా ఆక్సీకరిస్తే పొర పైనా కిందా ఆక్సిజన్ ఉన్న హైడ్రాక్సిల్, ఎపాక్సైడ్ గుంపులు, అంచుల వెంట కార్బాక్సిల్ గుంపులు మొలుస్తాయి. సుమారు రెండు కర్బన పరమాణువులకు ఒక ఆక్సిజన్. ఇప్పుడు ఆ రేకులు నీళ్లలో హాయిగా విడిపోతాయి, పలచని తేనె రంగు ద్రవం తయారవుతుంది. ఇదే గ్రాఫీన్ ఆక్సైడ్. పని ప్రమేయం 4.9 దగ్గరకు చేరుతుంది. చూడండి, 4.4కూ 5.4కూ సరిగ్గా మధ్యలో మెట్టు.

మీరన్నట్టే వాహకత పోయింది. గ్రాఫీన్ ఆక్సైడ్ దాదాపు బంధకమే. కానీ మాస్టారూ, దాన్ని ఎలక్ట్రోడుగా వాడమని ఎవరన్నారు? ఎలక్ట్రోడు మీద రెండు మూడు నానోమీటర్ల మందాన పూత పూస్తాం, అంతే. అంత పలచని పూతను రంధ్రాలు దాటిపోతాయి. 2010లో సేంద్రియ సౌరఘటాల్లో ఈ పూతను పరీక్షించినప్పుడు రెండు నానోమీటర్ల పూత బాగా పనిచేసింది, మందం పెంచినకొద్దీ ఫలితం పడిపోయింది. తోడు ఎంత వేయాలో తెలియాలి. ఎక్కువైతే పెరుగు పుల్లనవుతుంది.

ఆ మెట్టును ఇప్పటికీ చాలామంది పెడాట్–పీఎస్ఎస్ అనే ముదురు నీలి ద్రవంతో కడుతున్నారు. అది నిమ్మరసం కన్నా పులుపు. కింది ఐటీఓను కొంచెం కొంచెంగా తింటుంది, ఊడిన ఇండియం లోపలి పొరల్లోకి జారుతుంది. పైగా గాలిలోని తేమను పీలుస్తుంది. గ్రాఫీన్ ఆక్సైడ్ మాత్రం సాధువా అంటే, సరిగ్గా కడగకపోతే అదీ ఆమ్లమే. కడగడం ఎంత విసుగో చెబితే మీరు నమ్మరు. ఆమ్లం పోతున్నకొద్దీ ఆ రేకులు నీళ్లు తాగి ఉబ్బి, సగ్గుబియ్యం జావలా గొట్టంలో నిలబడిపోతాయి. ఎంత వేగంగా తిప్పినా అడుగుకు దిగవు. నా జీవితంలో కొన్ని వారాలు ఆ జావ దిగడం కోసం ఎదురుచూడడంలోనే పోయాయి.

పెట్టిన ఆక్సిజన్‌ను మళ్లీ తీసేయడం రెండో పద్ధతి. దీన్ని క్షయకరణం అంటారని మీకు నేను చెప్పనక్కర్లేదు. మొదట్లో హైడ్రజీన్ వాడేవారు, అది విషం. తరువాత విటమిన్ సి వచ్చింది. తేనె రంగు ద్రవంలో విటమిన్ సి వేసి వేడి చేస్తే కళ్లముందే కాటుకలా నల్లబడుతుంది. వాహకత తిరిగి వస్తుంది గానీ పూర్తిగా రాదు. ఆక్సిజన్ లేచిపోయేటప్పుడు కొంత కర్బనాన్ని కూడా వెంటబెట్టుకుని పోతుంది, అల్లికలో చిరుగులు మిగులుతాయి. పెరుగును మళ్లీ పాలు చేయలేం కదా. కర్బనం స్థానంలోనే నైట్రోజన్‌నో బోరాన్‌నో కూర్చోబెట్టడం ఇంకో దారి. బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు బృందం 2009లో ఆ రెండూ చేసి చూపింది.

కాబట్టి "చెడగొట్టిన" అన్న మీ మాటను నేను ఒప్పుకుంటాను. ఎక్కడ, ఎంత చెడగొట్టాలన్నదే మా ఉద్యోగం.

ప్రశ్న: పారదర్శక ఎలక్ట్రోడ్ల గురించి చదివితే నిరోధాన్ని "చదరానికి ఇన్ని ఓములు" అని రాస్తారు. ఏ చదరానికి? చదరపు సెంటీమీటరుకా, చదరపు మీటరుకా? — పాలిటెక్నిక్ అధ్యాపకుడు, అనంతపురం

ఏ చదరమైనా సరే. తప్పించుకోవడానికి చెబుతున్న జవాబు కాదిది. ఒకే మందం ఉన్న పొరలో పొడవు రెట్టింపైతే నిరోధం రెట్టింపవుతుంది, వెడల్పు రెట్టింపైతే సగమవుతుంది. చదరంలో రెండూ కలిసి పెరుగుతాయి కాబట్టి తపాలా బిళ్లంత చదరానికైనా తలుపంత చదరానికైనా విలువ ఒకటే. మీ విద్యార్థులకు కాలువ ఉదాహరణ చెప్పండి. పొడవు పెరిగితే నీటికి దారి దూరమవుతుంది, వెడల్పు పెరిగితే దారి విశాలమవుతుంది.

ఇప్పుడు ఒక సెంటీమీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు ఉన్న పట్టీ తీసుకోండి. అందులో పది చదరాలున్నాయి. మంచి ఐటీఓ చదరానికి 10 ఓములు ఉంటుంది, పట్టీ మొత్తం 100 ఓములు. చివరి దాకా 10 మిల్లీ ఆంపియర్లు పంపితే దారిలో పోయేది ఒక వోల్టు. 2010లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వాళ్లు రసాయనికంగా మార్చిన గ్రాఫీన్‌ను ద్రవంగా పూసి, దాని మీద ఓఎల్ఈడీ కట్టారు. ఏడు నానోమీటర్ల పూత, 82 శాతం పారదర్శకత, చదరానికి 800 ఓములు. మన పట్టీలో అది 8,000 ఓములవుతుంది, అదే కరెంటుకు 80 వోల్టులు ఆవిరి. చిన్న చుక్కను వెలిగించడానికి అది చాలు, అందుకే ఐటీఓతో పోల్చదగ్గ ఫలితమే చూపించారు. గది దీపానికి మాత్రం పనికిరాదు. ఆ 800కు దిగడానికి కూడా శూన్యంలో తీవ్రమైన వేడి పెట్టాలి, అందుకే వాళ్లు క్వార్ట్జ్ మీద కట్టారు. వంగే ప్లాస్టిక్ ఆ వేడికి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రెండో దారి, గ్రాఫీన్‌ను పెంచి తరువాత దాని ఒంటి మీద మాత్రమే రసాయనం అద్దడం. రాగి రేకును వెయ్యి డిగ్రీల దగ్గర ఉంచి మీథేన్ వాయువును పంపితే రేకు మీద కర్బనం ఒక్క పొరగా అల్లుకుంటుంది. దాని మీద ప్లాస్టిక్ పూసి, కింది రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగించేస్తాం. చివరికి పళ్లెంలో నీళ్ల మీద తేలేది కంటికి ఆనదు. టేబులు దీపాన్ని పక్కకు వంచి చూస్తే ప్లాస్టిక్ అంచు ఒక్కటే సబ్బు బుడగలా మెరుస్తుంది. దాని కిందకు గాజు పలకను ఏటవాలుగా దించి, ఊపిరి బిగబట్టి పైకి లేపాలి. మా ప్రయోగశాలలో ఆ సమయంలో ఫ్యాను వేసినవాళ్లకు ఆ రోజు టీ ఖర్చు పడేది.

దక్షిణ కొరియాలో 2010లో ఇలాంటి పొరను మూల నుంచి మూలకు 30 అంగుళాలు ఉండేలా పెంచారు. ఒంటి పొర చదరానికి 125 ఓములు. నాలుగు పొరలు పేర్చి నైట్రిక్ ఆమ్లం అద్దితే 30 ఓములకు దిగింది, వెలుగులో 90 శాతం ఇంకా దాటుతూనే ఉంది. ఆమ్లం గ్రాఫీన్‌లోని ఎలక్ట్రాన్లను కొన్ని లాగేసుకుంటుంది కాబట్టి రంధ్రాలు పెరుగుతాయి. ఇబ్బంది ఏమిటంటే ఆ ఆమ్లం రోజులు గడిచేకొద్దీ ఎగిరిపోతుంది, ఓములు మళ్లీ పెరుగుతాయి. బంగారు క్లోరైడ్ అద్దితే ఎగిరిపోదు గానీ బంగారం చిన్న చిన్న గుళికలుగా పేరుకుంటుంది. మొత్తం మందం 100 నానోమీటర్లున్న పలకలో అలాంటి గుళికలు ముల్లులాగా పొడుచుకుని పొరలను కలిపేస్తాయి, పలక షార్టయిపోతుంది.

2012లో కొరియాలోనే పోహాంగ్ నగరంలో తే వూ లీ బృందం ఆమ్లం పూతతో పాటు మెట్ల సంగతి కూడా చూసింది. ఫ్లోరిన్ ఉన్న ఒక పాలిమర్‌ను పెడాట్‌తో కలిపి, 4.4 నుంచి 5.95 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా క్రమంగా దిగే ఏటవాలు దారి కట్టింది. ఆ పలక వాటుకు 102.7 ల్యూమెన్ల వెలుగు ఇచ్చింది. అదే పద్ధతిలో కట్టిన ఐటీఓ పలక ఇచ్చింది 85.6. గ్రాఫీన్ ఓములు ఐటీఓ కన్నా ఎక్కువే ఉన్నా గెలిచింది. చదరపు ఓములనే తపస్సుగా పట్టుకున్న మాకు ఆ పత్రం చదివిన రోజు కొంచెం సిగ్గేసింది.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. సైన్సు ప్రదర్శన కోసం ఇంట్లో గ్రాఫీన్ ఆక్సైడ్ చేస్తానంటున్నాడు. బ్యాటరీ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్, పెన్సిళ్లు చాలట కదా? — ఒక తండ్రి, ఖమ్మం

వద్దు. ఈ జవాబు మొత్తం చదివిన తరువాత కూడా వద్దు.

గ్రాఫైట్‌ను మొదట ఆక్సీకరించిన ఆక్స్‌ఫర్డ్ రసాయనవేత్త బ్రాడీ 1859లో పొటాషియం క్లోరేట్, పొగలు కక్కే నైట్రిక్ ఆమ్లం వాడాడు. 1958లో పిట్స్‌బర్గ్‌లో హమ్మర్స్, ఆఫ్‌మన్ పర్మాంగనేట్ పద్ధతి కనిపెట్టారు. పాతదాని కన్నా ప్రమాదం తక్కువని అందరూ దానికి మళ్లారు. తక్కువ అంటే లేదని కాదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పర్మాంగనేట్ పడితే మాంగనీస్ హెప్టాక్సైడ్ పుడుతుంది. దాదాపు 55 డిగ్రీలు దాటితే అది పేలుతుంది. అందుకే మంచులో కూర్చోబెట్టి, చిటికెడు చిటికెడు వేస్తూ, ప్రతిసారీ ఉష్ణోగ్రత దిగేదాకా ఆగాలి.

మాకు మంచు చేపల రేవు నుంచి వచ్చేది. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయింది, పెట్టెలోని మంచు సగం నీరయింది. కొత్తగా చేరిన కుర్రవాడు భోజనానికి ఆలస్యమవుతుందని చిటికెడుకు బదులు చెంచాతో వేశాడు. నేను వెనక బల్ల దగ్గర ఉన్నాను. నల్లని ద్రవం అంచున గాజుకు ఆకుపచ్చ జిడ్డు పట్టడం, దాని మీదనుంచి ఊదా పొగ లేవడం ఒకేసారి చూశాను. కుర్రవాడిని భుజం పట్టి లాగి, పొగను బయటికి లాగే పొగ గూటి గాజు తలుపు కిందకు దించాను. పట్ మని ఒక శబ్దం. తలుపు గాజు మూల నుంచి మూలకు పగిలింది. మాకెవరికీ ఏమీ కాలేదు. ఆ కుర్రవాడు ఆ రోజు అన్నం తినలేదు, నేనూ తినలేదు. పొగ గూడు, ముఖానికి అడ్డం, మంచు అన్నీ ఉన్న చోట జరిగిన సంగతి ఇది. మీ ఇంట్లో పెరటి అరుగు తప్ప ఏముంది?

మీ అబ్బాయికి ఇంకో పని చెప్పండి. 6బి పెన్సిలుతో కాగితం మీద వేలి వెడల్పున, రెండు అంగుళాల పొడవున బాగా దట్టంగా రుద్దమనండి. తొమ్మిది వోల్టుల బ్యాటరీకీ, ఒక చిన్న ఎర్ర ఎల్ఈడీకీ మధ్య ఆ పట్టీని తీగలా వాడమనండి. మినుకుమంటూ వెలుగుతుంది. తీగ కొసను పట్టీ మీద రెండో తీగ వైపు జరిపితే వెలుగు పెరుగుతుంది, వెనక్కు జరిపితే తగ్గుతుంది. పట్టీని సగం వెడల్పుకు చెరిపి మళ్లీ చూడమనండి. పైన అనంతపురం అధ్యాపకుడు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: మా ఊరి దగ్గర కొండలో గ్రాఫైట్ ఉంది. గ్రాఫీన్ వల్ల ఆ భూముల ధర కోట్లకు చేరుతుందని ఒకాయన అడ్వాన్సులు తీసుకుంటున్నాడు. ఇవ్వవచ్చా? — ఒక పాఠకుడు, రంపచోడవరం

గ్రాఫైట్ ఉన్నమాట నిజమే. తూర్పు కనుమల్లో ఖోండలైట్ అనే శిల ఉంది, కోణార్క గుడిలో ఎక్కువభాగం కట్టింది దానితోనే. ఆ శిలలో గ్రాఫైట్ చారలు ఉండడం మామూలే. అయితే ఓఎల్ఈడీలో వాడే మేలురకం గ్రాఫీన్‌కు గ్రాఫైట్ అక్కరలేదు, మీథేన్ వాయువు చాలు. ఆక్సైడ్‌కు గ్రాఫైట్ కావాలి గానీ, రెండు నానోమీటర్ల పూతకు ఎంత పడుతుంది? మా ప్రయోగశాల తొమ్మిదేళ్లు వాడినా, ఒక హార్లిక్స్ సీసాలోని గ్రాఫైట్ ఇంకా మిగిలే ఉండేది. అడ్వాన్సు ఇవ్వకండి. ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి.

ప్రశ్న: ఓఎల్ఈడీకి తేమ శత్రువంటారు. గ్రాఫీన్ నుంచి హీలియం కూడా దూరదంటారు. మరి దాన్నే పైన కప్పితే సరిపోదా? — ఎం.ఎస్సీ. విద్యార్థిని, అనకాపల్లి

మంచి ప్రశ్న తల్లీ. ఇందులో ఒక తమాషా ఉంది. ఓఎల్ఈడీ ఎక్కువకాలం బతకాలంటే ఒక చదరపు మీటరు కప్పులోంచి రోజుకు గ్రాములో పది లక్షల వంతు కన్నా ఎక్కువ నీటి ఆవిరి దూరకూడదు. ప్లాస్టిక్ కాగితాలు దాని దరిదాపులకు కూడా రావు. గ్రాఫీన్ ఆక్సైడ్ రేకులను పెంకుల్లా పేర్చి కప్పితే హీలియం ఆగుతుంది. హీలియమే ఆగితే నీళ్లు ఆగవా అనిపిస్తుంది. ఆగవు! మాంచెస్టర్‌లో 2012లో నాయర్, గైమ్ బృందం చూసింది ఇదే. అడ్డంగా ఏమీ లేనట్టే నీటి ఆవిరి దాటిపోయింది. రేకుల మధ్య ఆక్సిజన్ గుంపులు పొరలను ఎడంగా పట్టి ఉంచుతాయి, ఆ సందుల్లో నీరు జారిపోతుంది. ఆ పొరతో వోడ్కా సీసాకు మూత బిగిస్తే నీరు పోయి మత్తు పెరిగిందని వాళ్లే సరదాగా చెప్పారు.

అంటే మెట్టుగా పనికొచ్చిన ఆక్సిజనే కప్పు విషయంలో ఇంటిదొంగ. అదే పొరను విటమిన్ సితోనో హైడ్రియోడిక్ ఆమ్లంతోనో క్షయకరించి ఆక్సిజన్ తీసేస్తే సందులు మూసుకుపోతాయి. 2014లో మాంచెస్టర్ వాళ్లే అలాంటి పూత నీటినీ వాయువులనూ ఆపుతుందని చూపించారు. చిక్కల్లా చిరుగులతోనే. ఓఎల్ఈడీ తెరకు ఒక్క సూదిబెజ్జం ఉన్నా చాలు, అక్కడి నుంచి నల్లమచ్చ మొదలవుతుంది.

ప్రశ్న: ఇన్నేళ్లయినా దుకాణంలో గ్రాఫీన్ టీవీ ఎందుకు లేదు? పరిశోధనకు ఈ అంశం తీసుకోవచ్చా? — అదే విద్యార్థిని, రెండో ఉత్తరంలో

ప్రయత్నించలేదని కాదు. 2017లో జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ గ్రాఫీన్ ఎలక్ట్రోడుతో ఓఎల్ఈడీ చేసింది, దాని కొలత రెండు సెంటీమీటర్లకు ఒకటి. అదే ఏడాది కొరియాలోని ఈటీఆర్ఐ అనే పరిశోధన సంస్థ 370 మిల్లీమీటర్లకు 470 పలకను ప్రకటించింది. పెద్దది చేయడం చేతనైంది. అయితే ఈలోగా ఫోన్ల తెరల తీరే మారిపోయింది. ఇప్పుడు వెలుగు కిందనుంచి కాకుండా పైనుంచి వస్తోంది. కింద అద్దంలా వెండి పొర, పైన వెలుగు దాటగలిగేంత పలచని మెగ్నీషియం–వెండి పొర. కింది ఎలక్ట్రోడు పారదర్శకంగా ఉండాలన్న అవసరమే ఫోన్లలో పోయింది. మనం వంతెన కట్టేలోగా నది దారి మార్చుకుంది.

ఐటీఓను పూర్తిగా తీసేసి దాని స్థానంలో గ్రాఫీన్ కూర్చోవాలన్న పట్టుదల మీద నాకు మొదటి నుంచీ నమ్మకం తక్కువ. మెట్టుగా, అడ్డుకట్టగా, అణగిమణగి రెండు నానోమీటర్లు ఉండే పనులే దానికి నప్పుతాయని నా ఉద్దేశం. పరిశోధనకు తీసుకోవాలనుకుంటే గ్రాఫీన్ పేరు చూసి కాదు, పూత మందం ఎక్కడైనా ఒకేలా రావడం ఎలా అన్న చిక్కు చూసి తీసుకోండి. ఆక్సైడ్ రేకులు పూసినప్పుడు ఒకచోట ఒంటిగా, పక్కనే మూడు వరుసలుగా పడతాయి. కాన్పూర్ ఐఐటీలో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కేంద్రం ఉంది, రాసి అడగండి. మార్గదర్శిని ఎంచుకునే ముందు అక్కడి విద్యార్థులను కలిసి, గాలిని పంపుతో తోడేసి పూతలు వేసే శూన్యపు గది ఏడాదికి ఎన్ని నెలలు పనిచేస్తుందో కూడా అడగండి. ఎవరూ అడగని ప్రశ్న అది, నేనూ అడగలేదు. నా మొదటి రెండేళ్లలో తొమ్మిది నెలలు పంపు మరమ్మతులోనే గడిచాయి.

ప్రశ్న: మేడమ్, మీరు చేసింది ఎప్పుడైనా వెలిగిందా? — తొమ్మిదో తరగతి, పాలకొల్లు

వెలిగింది బాబూ. అందులో వెలుగు పొరకు వాడింది ఆల్‌క్యూ అనే పసుపు పొడి. దాని మీద అతినీలలోహిత టార్చి వేస్తే డబ్బాలోనే ఆకుపచ్చగా మెరుస్తుంది. మేము కరెంటుతో మెరిపించాలి. కింద ఐటీఓ, దాని మీద నేను కడిగి కడిగి పూసిన గ్రాఫీన్ ఆక్సైడ్, ఆపైన మిగిలిన పొరలు, చివర అల్యూమినియం. చుక్క కొలత మూడు మిల్లీమీటర్లకు మూడు. గది దీపాలు ఆర్పేశాం. వోల్టేజి నేను తిప్పుతున్నాను, కుర్రవాడు, అదే ఆ చెంచా కుర్రవాడు, అంకెలు రాసుకుంటున్నాడు. మూడు దాటింది, ఏమీ లేదు. నాలుగు దగ్గర లేత ఆకుపచ్చగా, వరిమడి మొలక రంగులో, చదరంగా వెలిగింది. ఆరు దగ్గర ఆ వెలుగులో నా గాజులు కనిపించాయి.

దానికి మూత వేయలేదు, గాలి తగిలింది. పావుగంటకు ఒక మూల నల్లచుక్క పడింది, తరువాత రెండు. భోజనం చేసి వచ్చేసరికి చదరం నిండా మశూచి మచ్చలు. ఆ గాజు ముక్క ఇప్పటికీ నా బీరువాలో ఉంది, వెనక పెన్సిలుతో రాసిన నంబరుతో సహా.